ఏ క్షణం దగ్గర ఆగాడు?

(లండన్ నేషనల్ గ్యాలరీలోని బైబిలు చిత్రాల మీద ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి. ఇవాళ మాట్లాడేదంతా బొమ్మల్లో చిన్న చిన్న విషయాల గురించి. అక్కణ్ణుంచి కనపడవు. రండి, కుర్చీలు చాలానే ఉన్నాయి.

ముందు ఒక ప్రశ్న. హైదరాబాద్ సాలార్జంగ్ మ్యూజియం చూడనివాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ముగ్గురో నలుగురో. సరే. చూసినవాళ్లంతా గంట కొట్టే గడియారం దగ్గర కాసేపు నిలబడి ఉంటారు. తర్వాత ముసుగు వేసుకున్న పాలరాతి అమ్మాయి దగ్గర నిలబడి ఉంటారు. వెయిల్డ్ రెబెక్కా. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కాడు. మొదటి సాలార్జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. దాన్ని చూసి అందరం ఏమంటాం? రాయిలో అంత పల్చటి బట్ట ఎలా చెక్కాడురా బాబూ అంటాం. ఫోటో తీసుకుంటాం. పక్క గదిలోకి వెళ్లిపోతాం. మరి ఈ రెబెక్కా ఎవరు? ఎందుకు ముసుగు వేసుకుంది? ఎప్పుడైనా అడిగామా?

మీలో బైబిలు చదివేవాళ్లకి ఆమె తెలుసు, కాకపోతే రిబ్కాగా తెలుసు. ఆదికాండం ఇరవై నాలుగో అధ్యాయం. ఇస్సాకుకి పిల్లని చూసి రమ్మని అబ్రాహాము తన దాసుణ్ణి పంపిస్తాడు. దాసుడు రిబ్కాని తీసుకుని ఒంటెల మీద తిరిగొస్తున్నాడు. సాయంత్రం. పొలంలో ఎవరో ఎదురు నడిచొస్తున్నారు. ఎవరాయన అని అడుగుతుంది రిబ్కా. మా యజమాని అంటాడు దాసుడు. వెంటనే ఆమె ముసుగు వేసుకుంటుంది. అంతే కథ. చేసుకోబోయేవాణ్ణి మొదటిసారి చూసిన ఘడియ అది. ఇది తెలిసి మళ్లీ ఆ బొమ్మ దగ్గరికి వెళ్లండి. ఆ ముసుగు వెనక సిగ్గు ఉంది, బెరుకు ఉంది, పుట్టిల్లు వదిలొచ్చిన దిగులు కూడా ఉందేమో.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. బైబిలు బొమ్మ ఎదురుపడితే ఎంత బాగా వేశాడో తర్వాత చూద్దాం. ముందు అడగాల్సింది, ఈ కథలో ఏ క్షణం దగ్గర ఆగాడు? ఎందుకు అక్కడే ఆగాడు?

ఇక లండన్ వెళ్దాం. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నేషనల్ గ్యాలరీ. మొత్తం 2,300 దాకా చిత్రాలు. పదమూడో శతాబ్దం నుంచి 1900 ప్రాంతం వరకు పడమటి యూరప్‌లో వేసినవి. అందులో సుమారు మూడోవంతు క్రైస్తవ విషయాల మీదివే. మూడోవంతు! ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ రోజుల్లో డబ్బిచ్చి బొమ్మ వేయించుకునేవాళ్లలో చర్చిని మించినవాళ్లు లేరు. మఠాలు, బిషప్పులు, పుణ్యం కోసం బలిపీఠం కట్టించే ధనవంతులు. చిత్రకారుడికి అన్నం పెట్టింది వాళ్లే.

ఈ గ్యాలరీ 1824లో మొదలైంది. జాన్ జూలియస్ యాంగర్‌స్టైన్ అని ఇన్సూరెన్స్ వ్యాపారంలో బాగా సంపాదించినాయన పోయాక, ఆయన దగ్గరున్న 38 చిత్రాల్ని బ్రిటిష్ ప్రభుత్వం 57,000 పౌండ్లకి కొంది. వాటికి నంబర్లు వేశారు. ఒకటో నంబరు ఏ బొమ్మకి వేశారో చెప్పండి? ఇదిగో, ఇది. లాజరుని లేపడం. సెబాస్టియానో దెల్ పియోంబో 1517-19 మధ్య వేశాడు. ఎత్తు పన్నెండు అడుగులు దాటుతుంది. ఈ హాలు గోడకి పట్టదు.

దీని వెనక ఒక పోటీ ఉంది. కార్డినల్ జూలియో దె మెదిచీ, తర్వాత పోప్ అయినాయన, ఫ్రాన్స్‌లో నార్బోన్ కథీడ్రల్ కోసం రెండు బొమ్మలు పురమాయించాడు. ఒకటి రఫేల్‌కి, ఒకటి సెబాస్టియానోకి. రఫేల్ అంటే మైకెలాంజెలోకి పడదు. అందుకని ఆయన తెరవెనక ఉండి సెబాస్టియానోకి లాజరు బొమ్మకి కావలసిన డ్రాయింగులు గీసిచ్చాడు. మన సినిమావాళ్ల గొడవల్లాగే ఉంది కదా? చివరికి రఫేల్ బొమ్మ రోమ్‌లోనే ఉండిపోయింది, ఇప్పుడు వాటికన్‌లో ఉంది. సెబాస్టియానోది ఫ్రాన్స్ వెళ్లింది, అక్కణ్ణుంచి చేతులు మారి మారి లండన్ చేరింది.

సరే, క్షణం సంగతి. యోహాను సువార్త పదకొండో అధ్యాయం. లాజరు చనిపోయి నాలుగు రోజులు. యేసు రాయి తీయమంటే అక్క మార్త అడ్డొస్తుంది. ప్రభువా, నాలుగు రోజులైంది, ఇప్పటికి వాసన వస్తుంది అంటుంది. ఎంత ఇంటి మనిషి మాటో చూడండి. ఇప్పుడు బొమ్మలో ఇక్కడ చూడండి, యేసు వెనకగా ఉన్న ఈ ఆడవాళ్లని. కొంగులతో ముక్కులు మూసుకున్నారు. ఎవరూ అద్భుతం అని చేతులు జోడించట్లేదు, ముందు వాసన భరించలేకపోతున్నారు. కుడి పక్కన లాజరు. బతికాడు, కానీ చుట్టిన గుడ్డలు ఇంకా ఊడలేదు. తనే లాక్కుంటున్నాడు, కాలితో తోస్తున్నాడు. ముఖం సగం నీడలో ఉంది. చావుకీ బతుక్కీ నడుమ గడప మీద ఉన్నాడు. కాసేపు ముందైతే శవం, కాసేపు తర్వాతైతే మామూలు మనిషి. బొమ్మ ఆగింది ఆ రెంటి మధ్య.

మన దగ్గర చేర్యాల నకాశీ పటం ఉంది కదా. కథకుడు పాడుతూ ఉంటే పటం కొంచెం కొంచెంగా విప్పుతారు. ఒక గడి తర్వాత ఒక గడి. పుట్టుక నుంచి చివరి దాకా కథంతా వరసగా వస్తుంది. అది గొప్ప పద్ధతే. పాత యూరప్ బొమ్మల్లోనూ అలాంటివి ఉన్నాయి, ఒకే పలక మీద ఒకే మనిషి నాలుగు చోట్ల కనిపిస్తాడు. కానీ ఇప్పుడు చూస్తున్నవాళ్లు ఒక్క చట్రమే తీసుకున్నారు. చూసేవాళ్లకి కథ ముందే తెలుసని వాళ్ల ధీమా. ఇప్పుడు ఆ ధీమా చెల్లట్లేదు. లండన్‌లో ఆ బొమ్మల ముందు నిలబడేవాళ్లలో సగంమందికి మార్త ఎవరో తెలియదనుకుంటాను. గుంటూరులోనో నర్సాపురంలోనో సండే స్కూలుకి వెళ్లిన పిల్లకి తెలుసు. ఈ విషయంలో మన పిల్లలే ఒక అడుగు ముందున్నారు. నేను సరదాకి అనట్లేదు.

ఎమ్మాయు బల్ల దగ్గర

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైనది. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఉంటాం, ఓపిక పట్టండి. కరవాజ్జో 1601లో వేసిన ఎమ్మాయు భోజనం.

కథ లూకా చివరి అధ్యాయంలో ఉంది. యేసుని సిలువ వేశారు, సమాధి చేశారు. మూడో రోజు ఇద్దరు శిష్యులు యెరూషలేము నుంచి ఎమ్మాయు అనే ఊరికి నడుస్తున్నారు. ఒకడి పేరు క్లెయొపా, రెండోవాడి పేరు లూకా చెప్పడు. దారిలో ఎవరో కలుస్తాడు. ముగ్గురూ మాట్లాడుకుంటూ నడుస్తారు. ఆయన యేసేనని వీళ్లు గుర్తుపట్టరు. పొద్దుపోయింది, మాతో ఉండండి అని భోజనానికి పిలుస్తారు. ఆయన రొట్టె తీసుకుని, స్తోత్రం చెప్పి, విరిచి వాళ్లకి ఇస్తాడు. అప్పుడు గుర్తుపడతారు. గుర్తుపట్టగానే ఆయన మాయమైపోతాడు.

చూశారా? గుర్తుపట్టడానికీ మాయమవడానికీ మధ్య ఎంత సమయం ఉంటుంది? రెప్పపాటు. కరవాజ్జో బొమ్మ ఆ రెప్పపాటులో ఉంది.

ఎడమ పక్కన ఉన్నవాణ్ణి చూడండి. మనకి వీపు తిప్పి కూర్చున్నాడు. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని లేవబోతున్నాడు. ఇంకా లేవలేదు. మోచెయ్యి దగ్గర చూడండి, ఆకుపచ్చ చొక్కా చిరిగి లోపలి తెల్లగుడ్డ బయటికొచ్చింది. చిరుగు సరిగ్గా మన ముఖానికి ఎదురుగా పెట్టాడు. అపొస్తలుల కాలపు శిష్యుడికి చిరుగుల చొక్కా తొడగడం అప్పట్లో కొంతమందికి మింగుడుపడలేదు. కుడి పక్కవాడు రెండు చేతులూ బార్లా చాపాడు. సిలువ మీద మనిషి చేతుల్లాగే. వాడి గుండెల మీద ఒక చిప్ప కనిపిస్తోందా? అది యాత్రికుల గుర్తు. వాడి చేతుల్లో ఒక తమాషా ఉంది. ఒక చెయ్యి మన వైపు వచ్చింది, రెండోది గదిలోపలికి పోయింది. లోపలి చెయ్యి దూరంగా ఉంది కాబట్టి చిన్నదిగా కనపడాలి కదా? కొలిచి చూడండి, రెండూ ఇంచుమించు ఒకే సైజు. లెక్క ప్రకారం తప్పు. కానీ ఆ తప్పు వల్లే చెయ్యి మన మీదికి దూసుకొస్తున్నట్టు ఉంటుంది.

ఇక యేసు. గడ్డం లేదు! మనం క్యాలెండర్లలో చూసే యేసు కాదు. కుర్రవాడి ముఖం, బొద్దుగా ఉంది. ఎందుకలా వేశాడు? మార్కు సువార్తలో ఒక మాట ఉంది, ఆయన వేరొక రూపంలో కనిపించాడని. అందుకే శిష్యులు గుర్తుపట్టలేదు. కరవాజ్జో మనకి కూడా అదే పరీక్ష పెట్టాడు. ముఖం చూసి మీరు గుర్తుపట్టలేరు. దీవించే చెయ్యి చూసి, రొట్టె చూసి గుర్తుపట్టాలి. శిష్యుల అవస్థే మనదీ.

నాలుగోవాడు ఉన్నాడు, మర్చిపోవద్దు. నిలబడ్డ సత్రంవాడు. తల మీద టోపీ తీయలేదు. వాడికేమీ అర్థం కావట్లేదు. వీళ్లెందుకిలా ఎగిరిపడుతున్నారు, కూర బాలేదా అన్నట్టు చూస్తున్నాడు. వాడి నీడ గోడ మీద పడి యేసు తల వెనక చీకటి వలయంలా నిలిచింది. పరిశుద్ధుల తల వెనక బంగారు వలయం వేయడం ఆనవాయితీ. ఇక్కడ నీడని పెట్టాడు. ఏమీ తెలియనివాడి నీడ!

బల్ల మీదికి రండి. కింద రంగురంగుల తివాచీ, దాని మీద తెల్లటి దుప్పటి. రొట్టె, కాల్చిన పక్షి, నీళ్లు, ద్రాక్షసారా. అంచు దగ్గర పళ్ల బుట్ట. సగం బల్ల బయటికి ఉంది. ఎప్పుడు పడుతుందో అని టెన్షన్‌గా ఉంటుంది. నిజంగానే, ఆ బొమ్మ ముందు నిలబడితే చెయ్యి చాపి బుట్ట లోపలికి తోయాలనిపిస్తుంది. ఈ బుట్ట మీద ఒక ఫిర్యాదు ఉంది. బెల్లోరి అని పదిహేడో శతాబ్దపు విమర్శకుడు, యేసు తిరిగి లేచిన ఈస్టర్ వచ్చేది వసంతంలో కదా, ఈ ద్రాక్షలూ దానిమ్మలూ అంజూరాలూ కాలం కాని కాలంలో ఎక్కడివి అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నన్నడిగితే, చనిపోయినవాడు బల్ల దగ్గర కూర్చుని రొట్టె విరుస్తుంటే బెల్లోరికి అభ్యంతరం లేదు, దానిమ్మ కాలం తప్పిందని మాత్రం అభ్యంతరం.

దీన్ని గీయించుకున్నది చీరియాకో మత్తేయీ అనే రోమ్ ధనవంతుడు. చర్చి కోసం కాదు, ఇంటి కోసం. ఐదేళ్ల తర్వాత, 1606లో, కరవాజ్జో ఒక మనిషిని చంపి రోమ్ నుంచి పారిపోయాడు. ఆ ఏడే ఇదే విషయం మళ్లీ వేశాడు. అది మిలాన్‌లో ఉంది. అందులో పళ్ల బుట్ట లేదు. చేతులు అంతగా చాపరు. రంగులు మట్టిరంగులయ్యాయి. యేసుకి గడ్డం వచ్చింది. కథ అదే, గది అదే, ఆ మొదటి ఉలికిపాటు లేదు.

ఇద్దరు బావమరుదులు

తర్వాతివి త్వరగా చూద్దాం. ఇవి రెండు బొమ్మలు, ఒకే విషయం. గెత్సేమనే తోట. యేసు ప్రార్థిస్తున్నాడు, ముగ్గురు శిష్యులు నిద్రపోతున్నారు, ఆయన్ని పట్టించబోయే శిష్యుడు యూదా దూరం నుంచి సైనికుల్ని వెంటబెట్టుకుని వస్తున్నాడు. ఒకటి మాంతెన్యాది, ఒకటి జొవాన్ని బెల్లీనిది. మాంతెన్యా బెల్లీని అక్కచెల్లెళ్లలో ఒకామెను 1453లో పెళ్లి చేసుకున్నాడు, అంటే బావమరుదులన్నమాట. కొద్ది ఏళ్ల తేడాతో వేశారు. ఇప్పుడు రెండూ ఒకే గ్యాలరీలో ఉన్నాయి.

మాంతెన్యా బొమ్మలో అంతా రాయి. కొండలు రాయి, మనుషుల బట్టల మడతలు కూడా రాతిలో చెక్కినట్టే ఉంటాయి. ఎండిన చెట్టు మీద నల్లటి పెద్ద పక్షి కూర్చుంది. ఆకాశంలో చిన్న దేవదూతలు సిలువనీ, కొట్టడానికి కట్టేసే స్తంభాన్నీ పట్టుకొచ్చి చూపిస్తున్నారు. ఇదిగో, నీకు జరగబోయేది ఇది అని. ఇంత భయంకరమైన చోట, సైనికులు వచ్చే దారిలోనే కుందేళ్లు తిరుగుతున్నాయి. వాటికేం తెలుసు?

బెల్లీని బొమ్మలో ఒకే దూత, చేతిలో గిన్నె. ఈ గిన్నె నా నుండి తొలగించు అన్న ప్రార్థన తెలిసినవాళ్లకి ఆ గిన్నె ఏమిటో చెప్పనక్కర్లేదు, రాబోయే బాధ. కానీ అసలు సంగతి ఆకాశం. సువార్తల్లో అది రాత్రి. బెల్లీని తెల్లవారుజాముని తీసుకొచ్చాడు. కొండల అంచున గులాబీరంగు పాకుతోంది. వెలుతురొస్తోంది, దానితోపాటే పట్టుకెళ్లేవాళ్లూ వస్తున్నారు. బావగారు కథలోని బరువంతా వస్తువుల్లో పెట్టాడు. ఈయన వెలుతురులో పెట్టాడు. ఎవరిది గొప్ప అంటే నేను బెల్లీని వైపే. మీరు ఒప్పుకోనక్కర్లేదు.

పియెరో దెల్లా ఫ్రాంచెస్కా వేసిన బాప్తిస్మం గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను. తన సొంతూరు సాన్‌సెపోల్క్రోలో ఒక చర్చి బలిపీఠం కోసం వేశాడు. యొర్దాను నది ఇటలీ పల్లెటూరి వాగయింది. వెనక కనిపించే ఊరు తన ఊరే. బాప్తిస్మమిచ్చే యోహాను పోస్తున్న గిన్నె యేసు తల మీద సరిగ్గా నిలిచింది, దాని పైన పావురం మబ్బు ముక్కలా ఉంది. వెనక ఒకడు చొక్కా తల మీంచి లాగుతూ మధ్యలో ఇరుక్కుపోయాడు, బాప్తిస్మానికి తర్వాతి వంతు వాడిదే. ఊరివాళ్లు ఈ బొమ్మ చూసినప్పుడు యేసు తమ వాగులోకే దిగాడు.

గోడ మీద రాత

ఇప్పుడు రెంబ్రాంట్. బెల్షస్సరు విందు. 1630ల రెండో సగంలో వేశాడు. దానియేలు గ్రంథం ఐదో అధ్యాయం. బబులోను రాజు బెల్షస్సరు పెద్ద విందు చేస్తాడు. యెరూషలేము దేవాలయం నుంచి దోచుకొచ్చిన బంగారు గిన్నెల్లో తాగుతారు. అప్పుడు ఒక చెయ్యి కనిపించి గోడ మీద రాస్తుంది. మెనే మెనే టెకేల్ ఉఫార్సీన్. జ్ఞానులెవరూ చదవలేకపోతారు. చివరికి దానియేలు వచ్చి చదువుతాడు. నీ రాజ్యం లెక్క ముగిసింది, నిన్ను తూస్తే తక్కువ తూగావు, నీ రాజ్యం పరుల పాలవుతుంది అని. ఆ రాత్రే రాజు హతుడవుతాడు.

రెంబ్రాంట్ ఏ క్షణం పట్టుకున్నాడు? చెయ్యి ఆఖరి అక్షరం దగ్గరుంది. ఇంకా ఎవరూ చదవలేదు. దానియేలుని ఇంకా పిలవలేదు. రాజు సగం తిరిగాడు, కళ్లు బయటికొచ్చాయి. కుడి పక్కన ఎర్ర దుస్తుల్లో ఉన్న ఆమె ఉలిక్కిపడి వంగింది, చేతిలో గిన్నె ఒలికిపోతోంది. రాజు తలపాగా చూడండి, దాని మీద బుల్లి కిరీటం. అంత పెద్ద తలపాగా మీద అంత చిన్న కిరీటం! అంగీ మీద జరీ పని ఉంది కదా, అక్కడ రంగు పలచగా పూయలేదు, ముద్దలు ముద్దలుగా పెట్టాడు. దగ్గరికెళ్తే గరుకు కనిపిస్తుంది. వెనక చీకట్లో ఒకరు ఇంకా పిల్లనగ్రోవి లాంటిది ఊదుతూనే ఉన్నారు. వార్త అక్కడిదాకా చేరలేదు.

ఒక చిక్కు ప్రశ్న. ఆ రాత హీబ్రూ అక్షరాల్లో ఉంది. మరి జ్ఞానులు ఎందుకు చదవలేకపోయారు? ఆమ్‌స్టర్‌డామ్‌లో రెంబ్రాంట్‌కి మెనాసే బెన్ ఇజ్రాయెల్ అనే యూదు పండితుడు తెలుసు. ఆయన దగ్గర దీనికో జవాబుంది. అక్షరాలు అడ్డంగా కాక నిలువుగా, పై నుంచి కిందికి రాసి ఉంటాయి. అడ్డంగా చదివినవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. రెంబ్రాంట్ అలాగే వేశాడు. బొమ్మ చూస్తే మూడేసి అక్షరాల నిలువు వరసలు. ఎంత శ్రద్ధ! కానీ ఆఖర్న జారాడు. చివరి అక్షరం నూన్. దాని కాడ ఇంకా కిందికి దిగాలి. పొట్టిగా వేయడంతో అది జాయిన్ అనే వేరే అక్షరమైపోయింది. దేవుడి చేతిరాతలో అచ్చుతప్పు! మనవాళ్లు పెళ్లి శుభలేఖకి మూడుసార్లు ప్రూఫు చూస్తారు. పాపం, ఆయనకి చూసిపెట్టేవాళ్లు దొరకలేదు.

ఇంకొక్కటి. ఇది టిషియన్. పేరు లాటిన్‌లో, నోలి మె తాంజెరె, నన్ను ముట్టుకోవద్దు. 1514 ప్రాంతంలో, కుర్రతనంలో వేశాడు. యోహాను ఇరవయ్యో అధ్యాయం. సమాధి ఖాళీగా ఉంది. మగ్దలేనే మరియ ఏడుస్తోంది. వెనక్కి తిరిగితే ఒకాయన ఉన్నాడు, తోటమాలి అనుకుంటుంది. ఆయన ‘మరియా’ అని పిలుస్తాడు. పిలుపుతో గుర్తుపడుతుంది. అందుకోబోతుంది. ముట్టుకోవద్దంటాడు. టిషియన్ ఆ చెయ్యి చాపిన క్షణం తీసుకున్నాడు. యేసు చేతిలో నిజంగానే తోటమాలి పార ఉంది. ఒంటి మీద గుడ్డ వెనక్కి లాక్కుంటున్నాడు. కానీ ఆ ఒళ్లు చూడండి, విల్లులా ఆమె వైపే వంగింది. మాట వద్దంటోంది, ఒళ్లు దగ్గరికొస్తోంది. ఇంత చిన్న బొమ్మలో, నాలుగడుగుల ఎత్తు కూడా లేదు ఇది, అంత పెట్టాడు.

దీని గురించి చెప్పడానికి ఇంకో కారణం ఉంది. రెండో ప్రపంచయుద్ధం మొదలవబోతోందనగా, 1939లోనే, గ్యాలరీ బొమ్మల్ని లండన్ నుంచి తరలించారు. తర్వాత 1941లో వేల్స్‌లో మనోద్ అనే చోట పలకరాయి గని లోపల దాచారు. గ్యాలరీ గోడలు బోసిపోయాయి. 1942 జనవరిలో టైమ్స్ పత్రికలో ఒక ఉత్తరం వచ్చింది. లండన్ ముఖం గాయపడిపోయింది, ఇప్పుడే మాకు అందమైనవి చూడాలని ఉంది, ఒక్కటైనా తెచ్చి పెట్టండి అన్నది దాని సారాంశం. డైరెక్టర్ కెన్నెత్ క్లార్క్ ఒప్పుకున్నాడు. నెలకొక బొమ్మ గనిలోంచి తెచ్చి పెట్టాలి. మొదట ఏది పెట్టారో తెలుసా? ఇదే. ఎన్ని గొప్ప బొమ్మలు ఉండగా జనం అడిగిన వాటిలోంచి దీన్ని ఎంచారు. ఎందుకై ఉంటుంది? ఆ ఊళ్లో చాలామంది ఇళ్లలో మనుషులు పోయారు. పోయినవాణ్ణి మళ్లీ చూసి, ముట్టుకోబోయి, ముట్టుకోలేకపోయిన ఆడమనిషి బొమ్మ అది. కారణం అదేనని రాసిపెట్టిన కాగితం ఏదీ లేదు, నేనలా అనుకుంటాను.

సమయం అయిపోవచ్చింది. ఒక పనికొచ్చే మాట చెప్పి ఆపేస్తాను. నేషనల్ గ్యాలరీ ప్రవేశం ఉచితం. మీ పిల్లలు అక్కడ చదువుకుంటున్నారు కదా, వాళ్లని చూడ్డానికి వెళ్లినప్పుడు ఒక పూట అక్కడ పెట్టుకోండి. అన్నీ చూడాలని పరుగెత్తకండి, నాలుగు చాలు. వెళ్లలేనివాళ్లకి గ్యాలరీ వెబ్‌సైట్‌లో ఈ బొమ్మలన్నీ ఉన్నాయి, పెద్దవి చేసుకుని చూడొచ్చు. ముందు ఆ కథ బైబిల్లో ఒకసారి చదవండి, ఒక్కోటి పేజీ కూడా ఉండదు. తర్వాత బొమ్మ తెరవండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ మూల అమ్మగారు ఇందాకట్నుంచి చెయ్యెత్తే ఉన్నారు, ముందు ఆవిడకి మైకు ఇవ్వండి.